పదహారేళ్లప్పటి కేసు.. ఉద్యోగానికి అడ్డొస్తుందా?

కృష్ణపట్నం పోర్టులో కొలువైనా, కానిస్టేబుల్ ఉద్యోగమైనా చివర్లో ఒక మెట్టు తప్పదు.. పోలీస్ వెరిఫికేషన్! రాతపరీక్ష, పరుగు పందెం దాటొచ్చిన కుర్రాళ్లు కొందరు అక్కడే బెంబేలెత్తిపోతుంటారు. 'ఇంటర్లో ఉన్నప్పుడు ఓ గొడవలో స్టేషన్‌కి వెళ్లాను. ఇక నాకు ఉద్యోగం రానట్టేనా?' అన్నదే వాళ్ల దిగులు. మీకో, మీ స్నేహితుడికో ఇలాంటి భయముంటే ముందు ఒకటి గుర్తుంచుకోండి. 18 ఏళ్లు నిండకముందు జరిగినదాన్ని చట్టం వేరుగా చూస్తుంది.

కోర్టు కాదు.. బోర్డు

బాల న్యాయ చట్టం-2015 మూల సూత్రాల్లో రెండు మీకు ముఖ్యం. ఒకటి, పిల్లల విషయంలో వీలైనంత వరకు కోర్టు విచారణ లేకుండానే పరిష్కారం చూడాలి. రెండోది, పాత రికార్డు వెంటాడకుండా కొత్త జీవితం మొదలుపెట్టే అవకాశమివ్వాలి.

ఉదాహరణకు విడవలూరు వైపు రొయ్యల గుంట గట్టు మీద మోటారు పోయిందనుకోండి. పదహారేళ్ల అబ్బాయి ఒక్కడే దొరికాడు. ఇది చిన్న నేరాల కిందికి వస్తుంది. 2016 నమూనా నిబంధనల ప్రకారం ఇలాంటి వాటిలో ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. జనరల్ డైరీలో రాసుకుని, అబ్బాయి కుటుంబ పరిస్థితులపై నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో బోర్డు ముందుకు తీసుకెళ్లాలి.

బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. చిన్న నేరమైతే మొదటి రోజే ముగించవచ్చు. తప్పు తేలితే మందలించి ఇంటికి పంపడం, కౌన్సెలింగ్, సామాజిక సేవ, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ వంటివి ఉంటాయి. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, గడువు పెంచితే మరో రెండు నెలల్లో ముగియాలి. అప్పటికీ తేలకపోతే కేసు మూసేయాల్సిందే.

పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమైతే ఎఫ్‌ఐఆర్ తప్పదు. కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న ఘోర నేరమైతే 16 దాటినవారిని పెద్దవాళ్లలా విచారించే వీలూ ఉంది.

పెద్దల రాజీతో సరిపోదు

తీరంలోని మత్స్యకార గ్రామాల్లో చిన్న గొడవలు ఊరి పెద్దల దగ్గరే తెగిపోవడం పాత అలవాటు. రాజీ మంచిదే. కానీ స్టేషన్‌లో నమోదైన విషయం, పెద్దల ముందు తప్పు కట్టినంత మాత్రాన చెరిగిపోదు. కేసు బోర్డులో ముగిసిందా లేదా కనుక్కోండి. ఉత్తర్వు కాపీ తీసుకుని భద్రంగా దాచుకోండి.

వయసు లెక్కలో నేరం జరిగిన తేదీయే కీలకం. పొరపాటున పెద్దవాళ్ల కోర్టుకు వెళ్లినా ఏ దశలోనైనా అభ్యంతరం చెప్పొచ్చు. పదో తరగతి సర్టిఫికెట్ గట్టి ఆధారం.

ఉద్యోగం మాటేంటి?

ఈ చట్టం కింద తేలిన కేసు వల్ల అనర్హత ఉండదని 24వ సెక్షన్ చెబుతోంది. పెద్దవాళ్లలా విచారణ జరిగిన ఘోర నేరాలకు మాత్రం ఇది వర్తించదు. క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం బాలల రికార్డును పోలీసులు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ అంటోంది. మైనర్‌గా ఉన్నప్పటి కేసు చూపించి సీఐఎస్‌ఎఫ్ ఎస్సై ఉద్యోగం నిరాకరిస్తే, 2019లో సుప్రీంకోర్టు అభ్యర్థి పక్షానే నిలిచింది.

అలాగని ఫారంలో 'కేసులున్నాయా?' అన్నచోట కళ్లు మూసుకుని 'లేదు' అని రాసేయకండి. వివరాలు దాచడం వల్లే ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ప్రశ్న ఏం అడుగుతోందో చదివి, లాయర్‌ను అడిగాకే నింపండి.

18 దాటినవారికి

21 ఏళ్లలోపు వారిని, యావజ్జీవ శిక్ష పడే నేరాలు కాకపోతే, సరైన కారణం రాయకుండా జైలుకు పంపకూడదని ప్రొబేషన్ చట్టం-1958 చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సామాజిక సేవ కూడా శిక్షగా చేరింది. రూ.5 వేలలోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగిచ్చేస్తే ఇదే వర్తిస్తుంది. అయితే 18 దాటాక నమోదయ్యే కేసుకు బాల న్యాయ చట్టం రక్షణ ఉండదు. పండగ రోజు గొడవలోకి దూకేముందు ఈ తేడా గుర్తు తెచ్చుకోండి.

ఎవరిని అడగాలి?

* జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్హులకు లాయర్ సాయం ఉచితం. పిల్లలకు, మహిళలకు ఆదాయంతో పనిలేదు. హెల్ప్‌లైన్ 15100.
* పిల్లలు ఆపదలో ఉంటే 1098.
* లా, సోషల్ వర్క్, సైకాలజీ చదువుతున్నారా? ప్రొబేషన్ అధికారి, కౌన్సెలర్, జిల్లా బాలల సంరక్షణ విభాగం పోస్టుల ప్రకటనలపై కన్నేసి ఉంచండి. పారాలీగల్ వాలంటీర్‌గా చేరితే చదువుకుంటూనే ఈ పని దగ్గరగా చూడొచ్చు.