శంకర్ నగర్ నుంచి రోమ్ దాకా... మీకు తెలుసా?

రాయపూర్ శంకర్ నగర్ నుంచి ఒక తెలుగు ప్రోగ్రామరు అడుగుతున్నాడు. మొబైల్ ప్రోగ్రామింగు, ఆన్‌లైన్ వార్తలు, ఇటలీ రాజకీయాలు... ఈ మూడూ నాకు ప్రాణం. ఇవి ఎక్కడెక్కడ ఒకదానికొకటి తగులుకుంటాయో చూస్తే మీకూ కళ్ళు తిరుగుతాయి. సిద్ధమేనా?

మీకు తెలుసా? 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను బెంబేలెత్తించింది! 'జ్ఞానం'లో మొదటి అక్షరమే అది. ఎవరైనా సందేశంలో పంపితే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ ఠపీమని మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే తంతు. జ్ఞానం బరువు అలాంటిది మరి!

సరే, ఈ కబురు ముందుగా బయటపెట్టింది ఎవరో చెప్పుకోండి చూద్దాం. హైదరాబాదా? విజయవాడా? కాదు, ఇటలీ! 'మొబైల్ వరల్డ్' అనే ఇటాలియన్ వెబ్‌సైటు రాస్తే, దాన్ని పట్టుకుని అమెరికా వార్తా సైట్లు రాశాయి. మన అక్షరం గొడవ మనదాకా ఇటలీ మీదుగా వచ్చింది!

అసలు దొంగ మన 'జ్ఞా' కాదని మీకు తెలుసా? మామూలు 'జ్ఞా'కి కంప్యూటరు లెక్కలో నాలుగు సంకేతాలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఫోన్లను పడగొట్టిన దాంట్లో ఐదోది దాక్కుని ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, కంటికి కనబడదు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఇలాంటి వరసలు కొన్ని అదే పని చేశాయని తర్వాత తేలింది. పేరు మాత్రం తెలుగుకే వచ్చింది!

మందు? ఐఓఎస్ 11.2.6, 2018 ఫిబ్రవరి 19న. ఈ సంగతిలో నా తీర్పు ఒకటే. తప్పు అక్షరానిది కాదు. కోట్ల మంది రాసే లిపిని పరీక్షల జాబితాలో సరిగా చేర్చకపోవడానిది.

మీకు తెలుసా? ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో? డెబ్భయ్యే! ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. తెలుగు సంకేతం ఒక్కొక్కటి రెండేసి బైట్లు తింటుంది. తల్లికి బిడ్డ కుశలం చెప్పాలన్నా సగం చోటైనా లేదు!

'స్త్రీ' అని రాయండి. కంటికి ఒకే అక్షరం. ఫోను లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒక్క స్త్రీ ఆరుగురి పని చేస్తుందని మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో తెలిసిందే, ఇప్పుడు ఫోను కూడా ఒప్పుకుంది!

మా 'శంకర్ నగర్' మధ్యలో ఖాళీతో కలిపి పది. చిరునామా మొదలెట్టేసరికే డెబ్భైలో పది హాంఫట్!

మీకు తెలుసా? ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లలో ఒకరి తెలుగు ఇంకొకరి ఫాంటుకు అర్థమయ్యేది కాదు. ఒక్కో పత్రికది ఒక్కో రహస్య ఏర్పాటు. ఒక చోట నకలు తీసి ఇంకో చోట అతికిస్తే పిచ్చి గీతలు! వెన్న నాగార్జున 'పద్మ' అనే పనిముట్టు రాసి ఆ ఫాంట్ల తెలుగును అందరికీ ఉమ్మడి సంకేతాలైన యూనికోడ్‌లోకి మార్చే దారి చూపారు. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టిందీ ఆయనే! ఒక ప్రోగ్రామరు వార్తలకు చేయగలిగిన సేవ ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

వికీపీడియా సమ్మె చేసిందని మీకు తెలుసా? ప్రపంచంలో మొట్టమొదట సమ్మెకు దిగింది ఇటాలియన్ వికీపీడియా! 2011 అక్టోబరు 4న. ప్రధాని బెర్లుస్కోనీ ప్రభుత్వపు బిల్లు ఒకటి అప్పుడు పార్లమెంటు ముందుంది. తన గురించి రాసింది పరువుకు భంగమని ఎవరైనా అంటే, వెబ్‌సైటు 48 గంటల్లో వాళ్ళ సవరణను మారు మాట లేకుండా వేయాలట. నిజమో కాదో తేల్చేవాళ్ళు ఎవరూ ఉండరట! పేజీలన్నీ మూతపడ్డాయి. ఇంగ్లీషు వికీపీడియా ఇదే దారి పట్టింది 2012 జనవరిలో. ఇటలీ వాళ్ళు మూడు నెలలు ముందే!

ఇప్పుడు మా రాష్ట్రానికి వద్దాం. మీకు తెలుసా? ఛత్తీస్‌గఢ్ పుట్టినరోజు నవంబరు 1, 2000. ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజూ నవంబరు 1 (1956)! నాలాంటి రాయపూర్ తెలుగువాళ్ళకు ఒకే రోజు రెండు కేకులు!

రాయపూర్‌కీ పార్వతీపురానికీ మధ్య రైలు పట్టాలు 1931లోనే కలిశాయి. అక్కడినుంచి విజయనగరం ఎంతసేపు? ఇక్కడ ఇంత తెలుగు ఎలా వినబడుతుందని ఆశ్చర్యపోయేవాళ్ళకు సగం జవాబు ఆ పట్టాల మీదే ఉంది!

మీకు తెలుసా? ఇంటర్నెట్టే అక్కర్లేని ఆన్‌లైన్ వార్తలు మా ఛత్తీస్‌గఢ్‌లో పుట్టాయి! పేరు సీజీనెట్ స్వర. 2010లో మొదలు. పెట్టింది బీబీసీలో పనిచేసి వచ్చిన విలేకరి శుభ్రాంశు చౌధరి. అడవిలో ఉన్న మనిషి మామూలు డబ్బా ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇస్తే, సర్వరే తిరిగి ఫోను చేస్తుంది. ఒకటి నొక్కితే మీ వార్త చెప్పవచ్చు. రెండు నొక్కితే ఇతరుల వార్తలు వినవచ్చు. చదువు రానక్కర్లేదు, తమ గోండి భాషలోనే చెప్పవచ్చు. చేతిపంపు చెడిందని, కూలి డబ్బులు అందలేదని, బడికి అయ్యవారు రావడం లేదని... అధికారి ఫోను నంబరు కూడా అందులోనే చెబుతారు, విన్నవాళ్ళంతా ఆయనకు ఫోను చేయడానికి. పైసా ఖర్చు లేదు!

2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ యాక్టివిజం అవార్డుకు చౌధరి పేరుతో పాటు పోటీలో ఎవరున్నారో తెలుసా? అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్! గెలిచింది ఎవరు? చౌధరి! అమెరికా రహస్యాల మీద మా బస్తర్ అడవి మిస్డ్ కాల్ నెగ్గింది!

నేను చూసిన మొబైల్ ప్రోగ్రామింగులో ఇంతకంటే అందమైనది లేదు. తెర లేదు, బొమ్మ లేదు, యాప్ కూడా లేదు. మనిషి గొంతు ఒక్కటే. కొత్త ఫోను కొంటేనే వార్త అందుతుందనే వాళ్ళతో నేను ఒప్పుకోను.

ఇక ఇటలీ! గట్టిగా ఊపిరి పీల్చుకోండి.

మీకు తెలుసా? తెలంగాణ అవతరణ దినోత్సవం జూన్ 2. ఇటలీ రిపబ్లిక్ దినోత్సవమూ జూన్ 2! 1946లో అదే రోజున ఇటలీ ప్రజలు ఓటేసి రాజును ఇంటికి పంపారు. అదే ఏడాది డిసెంబరు 9న ఇటలీలోని లుసియానాలో పుట్టారు సోనియా గాంధీ. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించిన రోజు? 2009 డిసెంబరు 9! ఆమె పుట్టినరోజు!

లుసియానా ఉన్నది విచెంజా జిల్లాలో. ఆ విచెంజాలోనే 1941లో ఇంకొకాయన పుట్టారు. ఫెదెరికో ఫాజిన్. ఎవరంటారా? 1971లో ఇంటెల్ అమ్మకానికి పెట్టిన తొలి మైక్రోప్రాసెసర్ 4004ను మలిచిన మనిషి! చిత్రకారుడు బొమ్మ మీద సంతకం చేసినట్టు, చిప్ మీద తన పేరులోని రెండు ఎఫ్‌లు చెక్కుకున్నారు. అందులో ట్రాన్సిస్టర్లు 2,300. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో చిప్‌లో? 1,900 కోట్లు! మన రాజకీయాలనూ మన జేబునూ ఒకే జిల్లా పలకరించింది!

మీకు తెలుసా? మనిషిని చంద్రుడి మీదికి పంపిన అపోలో 11 లెక్కల్లో నాసా వాడిన యంత్రాల్లో ఒకటి ఇటలీది. ఒలివెట్టి ప్రోగ్రామా 101. బల్ల మీద పెట్టుకుని ప్రోగ్రామ్ రాసుకోగలిగిన యంత్రం, 1965లోనే!

అదే ఒలివెట్టిలో సాఫ్ట్‌వేర్ రాస్తూ జీవితం మొదలుపెట్టిన ఒకాయన తర్వాత ఏంచేశారో ఊహించండి. పార్టీ పెట్టారు! జాన్‌రొబెర్తో కాజలెజ్జో. ఆయనకు జతగా బెప్పే గ్రిల్లో అనే హాస్యనటుడు. 2009 అక్టోబరు 4న ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్ పుట్టింది. 2013లో తొలిసారి పార్లమెంటు ఎన్నికల బరిలోకి దిగి 25 శాతం దాటింది. 2018లో దాదాపు 33 శాతంతో దేశంలోనే పెద్ద పార్టీ!

వెండితెర మనిషి పార్టీ పెట్టి గెలవడం మనకు కొత్తా? ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. గ్రిల్లో పార్టీ ప్రభుత్వంలోకి రావడానికి ఎనిమిదిన్నరేళ్ళు పైన పట్టింది. ఎన్టీఆర్‌కు తొమ్మిది నెలలు పైన! అదీ కంప్యూటరు లేకుండా, చైతన్య రథం మీద!

ఇంకో వింత. గ్రిల్లో ఏనాడూ ఎన్నికల్లో నిలబడలేదు. శిక్ష పడినవాళ్ళకు టికెట్టు లేదన్నది పార్టీకి ఆయన పెట్టిన నియమం. పాత కారు ప్రమాదం కేసులో ఆయనకే శిక్ష పడి ఉంది. తను పెట్టిన నియమం తనకే అడ్డం!

ఇప్పుడు నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వని విశేషం. మీకు తెలుసా? ఈ పార్టీ వెబ్‌సైటులో ఓటేసి ప్రభుత్వం ఉండాలా వద్దా అని తేల్చింది! ఆ వేదిక పేరు రూసో. 2019 సెప్టెంబరు 3న ప్రశ్న ఒకటే: డెమోక్రటిక్ పార్టీతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేద్దామా? ఓటేసినవాళ్ళు 79,634 మంది. అవునన్నవాళ్ళు 79.3 శాతం. ప్రభుత్వం ఏర్పడింది! దేశ జనాభా? దాదాపు ఆరు కోట్లు!

అదే రూసోను 2017లో ఒక ఎథికల్ హ్యాకర్ తెరిచి లోపాలు చూపించాడు. 2019 ఏప్రిల్‌లో ఇటలీ డేటా రక్షణ సంస్థ 50 వేల యూరోల జరిమానా వేసింది. ఇది చదివాక నా అభిప్రాయం గట్టిపడింది. పార్టీ చర్చ వెబ్‌సైటులో పెట్టండి, ఎంతో మంచిది. ఎవరు ఎవరికి వేశారో తెలియకూడదు, లెక్క మాత్రం ఎవరైనా సరిచూడగలగాలి. ఈ రెండూ ఒకేసారి కుదరని చోట ప్రభుత్వాన్ని నిలబెట్టకండి.

మన ఈవీఎంకు ఇంటర్నెట్టే లేదని మీకు తెలుసు కదా? దాన్ని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాదులోని ఈసీఐఎల్! తొలిసారి వాడింది 1982లో, కేరళలోని పరూర్‌లో, 50 పోలింగ్ కేంద్రాల్లో. చట్టంలో దాని ఊసే లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ ఎన్నికను కొట్టేసింది. యంత్రం పాసు, చట్టం ఫెయిలు!

గుక్క తిప్పుకోకుండా ఇంకొన్ని. ఇటలీ రిపబ్లిక్ అయ్యాక 2022లో వచ్చిన మెలోని ప్రభుత్వం 68వది! 1972లో ప్రధాని ఆండ్రియోట్టి తొలి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో ఓడింది తొమ్మిది రోజుల్లో. ఆ తొమ్మిది రోజుల పెద్దమనిషే మొత్తం ఏడు ప్రభుత్వాలు నడిపారు! మన నాదెండ్ల భాస్కరరావు 1984లో ముఖ్యమంత్రిగా 31 రోజులు నిలబడ్డారు. ఇటలీ లెక్కలో ఆయనది దీర్ఘకాల పాలనే!

2020లో ఇటలీ ప్రజలు ఓటేసి 945 మంది ఎంపీలను 600 చేశారు. తమ నాయకుల సంఖ్యను తామే కత్తిరించుకున్నారు!

2023 మార్చి 31న ఇటలీ చాట్‌జీపీటీకి తలుపు మూసింది. పశ్చిమ దేశాల్లో మొదటిది. ఏప్రిల్ 28కల్లా మళ్ళీ తెరిచింది. ఆండ్రియోట్టి తొలి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో ఓడేదాకా నిలిచిన రోజుల కంటే ఆ నిషేధమే ఎక్కువ రోజులు బతికింది!

కరోనా వచ్చినప్పుడు మన సర్కారు యాప్ ఆరోగ్య సేతు, వాళ్ళది ఇమ్యూని. మనది 13 రోజుల్లో 5 కోట్ల ఫోన్లలోకి ఎక్కింది. 2020 మేలో రెండు దేశాలూ కోడ్‌ను అందరి ముందూ పెట్టాయి. జనం జేబులోకి సర్కారు యాప్ ఎక్కిస్తే దాని లోపలేముందో జనానికి చూపించాల్సిందే. ఈ మాటలో నాకు రాయపూర్ అయినా రోమ్ అయినా ఒకటే.

చివరి ప్రశ్న. గోండి భాషకు యూనికోడ్‌లో ఎన్ని సొంత లిపులున్నాయో మీకు తెలుసా? రెండు! 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారామ్ కూర్చిన లిపి 2017లో చేరింది, 75 సంకేతాలతో. రెండోది మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలోని చేతిరాత ప్రతుల్లో దొరికింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు ప్రభృతుల కృషితో వెలుగు చూసింది. 2018లో చేరింది, 63 సంకేతాలతో. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షలు. భాషా శాస్త్రవేత్తల లెక్కలో అది తెలుగుకు అక్కచెల్లెలి వరస!

యాప్‌లు రాసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! విడుదలకు ముందు మీ యాప్‌లో ఒక తెలుగు వార్త, ఒక గోండి వార్త తెరిచి చూడండి. రెండూ సరిగా కనబడితేనే స్టోరులో పెట్టండి.