జల్లెడ ఎవరి చేతిలో ఉండాలి?

పిల్లలున్న ఇళ్లకు అసభ్యమైన ఈమెయిళ్లు చేరకుండా ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలే వడగట్టి పంపాలా అన్న ప్రశ్న ఇరవై ఏళ్లకు పైగా నలుగుతూ ఉంది. ఇది ఇంజనీర్ల వ్యవహారమనో, తల్లిదండ్రుల వ్యవహారమనో రచయితలు పక్కన పెట్టేయడానికి వీల్లేదు. ఏది అసభ్యం? దాన్ని ఎవరు నిర్ణయించాలి? అలా నిర్ణయించినవాడు ఎవరికి జవాబుదారీ? ఈ మూడు ప్రశ్నలూ ఈ చర్చలో ఇమిడి ఉన్నాయి. ఇవి మూడూ మన సాహిత్యానికి పాత ప్రశ్నలే. కనుక ముందు విషయమేమిటో అర్థం చేసుకుని, ఆ తర్వాత మన వైఖరి తేల్చుకోవడం అవసరం.

అడగకుండా వచ్చిపడే గుంపు ఈమెయిళ్లను స్పామ్ అంటున్నాం. అది నిజానికి అమెరికాలో 1937 నుంచి అమ్ముతున్న ఒక డబ్బా మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో వచ్చిన ఒక హాస్య ఘట్టంలో హోటలుకు వెళ్లినవాళ్లు ఏమి అడిగినా ఆ మాంసమే వడ్డిస్తారు. అక్కర్లేనిది పదేపదే నెత్తిన రుద్దడానికి ఆ పేరు అక్కడినుంచి అతుక్కుంది. 1978 మే 3న అమెరికాలోని ఒక కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి ఆర్పానెట్ అనే తొలినాటి నెట్‌వర్కులో దాదాపు నాలుగు వందలమందికి ఒకేసారి అమ్మకపు ప్రకటన పంపాడు. మొదటి స్పామ్ అదేనని చెబుతారు. 1994లో ఇద్దరు న్యాయవాదులు అమెరికా గ్రీన్ కార్డు లాటరీ పేరుతో తమ ప్రకటనను వేలాది చర్చావేదికల మీద కుమ్మరించారు. గమనించవలసిందేమిటంటే, ఈ రెండింటిలోనూ అసభ్యత అన్నది లేదు. ఉన్నదల్లా సరుకు అమ్ముకోవాలన్న ఆత్రం.

ఆ ఆత్రానికి ఈమెయిల్ ఎందుకు అంత అనువుగా దొరికిందో చూడాలి. పోస్టులో కరపత్రం పంపేవాడు కాగితం కొనాలి, అచ్చు వేయించాలి, ప్రతి కవరుకూ స్టాంపు అంటించాలి. పదివేలమందికి పంపాలంటే పదివేల స్టాంపులు. ఈమెయిల్‌లో పదిమందికి పంపినా పది లక్షలమందికి పంపినా పంపేవాడి ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఆ ఖర్చు మోసేది అందుకునేవాళ్లు, మధ్యనున్న సర్వర్లు, చెత్త ఏరిపారేయడానికి మనం పెట్టే సమయం. అందుకే లక్షమందిలో ఒక్కడు కొన్నా పంపేవాడికి గిట్టుబాటే. పైగా 1982లో ఈమెయిల్ రవాణాకు రూపొందిన నియమావళిలో పంపినవాడి పేరు నిజమా కాదా అని సరిచూసే ఏర్పాటే లేదు. కవరు మీద ఎవరి చిరునామా అయినా రాయవచ్చు. లాభం ఒకడికి, భారం అందరికీ అనే పద్ధతి మనకు తెలియనిది కాదు. నదిలోకి మురుగు వదిలే ఫ్యాక్టరీ చేసేదీ అదే.

అసభ్యమైన స్పామ్ ఈ చెట్టుకు పూసిన కొమ్మే. స్త్రీ దేహాన్ని ఎరగా వేస్తే కళ్లు ఆగుతాయని సబ్బుల ప్రకటనలు రాసేవాడికీ తెలుసు, సినిమా పోస్టరు అతికించేవాడికీ తెలుసు. స్పామ్ వ్యాపారి అదే ఎరను ఎవరి ఇంట్లోకి వెళుతోందో, తెరిచేది పదేళ్ల పిల్లో డెబ్బై ఏళ్ల తాతో చూడకుండా విసురుతాడు. దాన్ని అసహ్యించుకునే తల్లిని ఛాందసురాలని కొట్టిపారేయడం అభ్యుదయం కాదు. తన ఇంట్లోకి ఏది రావాలో చెప్పే హక్కు ఆమెకు ఉంది. ఆ హక్కును ఎలా అమలు చేయాలన్నదే వివాదం.

జల్లెడ ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చెప్పుకుందాం. ఇందులో మూడు రకాల పరీక్షలున్నాయి. మొదటిది పంపినవాడి పరీక్ష. గతంలో గుంపు మెయిళ్లు కుమ్మరించిన సర్వర్ల జాబితాలు ఉంటాయి, అక్కడినుంచి వచ్చినవాటిని ఆపుతారు. రెండోది చిరునామా పరీక్ష. ఫలానా సంస్థ పేరుతో వచ్చిన ఉత్తరం నిజంగా ఆ సంస్థ అనుమతించిన సర్వరు నుంచే వచ్చిందా అని సరిచూస్తారు. మూడోది విషయ పరీక్ష, అంటే ఉత్తరంలోని మాటలను చూడడం. 2002లో పాల్ గ్రాహం రాసిన ఒక వ్యాసంతో దీనికి గణాంక పద్ధతి బాగా ప్రచారమైంది. మీరు స్పామ్ అని పక్కన పెట్టినవాటిలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, మీరు ఉంచుకున్నవాటిలో ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కకట్టి, కొత్త ఉత్తరం ఏ వైపు మొగ్గుతుందో యంత్రం అంచనా వేస్తుంది. ఈ పద్ధతిలో విశేషం ఒకటుంది. వైద్యుడి జల్లెడ ఒకలాగా, ఆయన పక్కింటివారి జల్లెడ ఇంకోలాగా తయారవుతాయి. నేర్పేవాడు చదువరే.

మొదటి రెండు పరీక్షల్లో నీతి ప్రసక్తి లేదు. అడగని ఉత్తరమా, గుంపుగా పంపిందా, దొంగ పేరుతో వచ్చిందా అన్నవి విషయానికి సంబంధించినవి కావు, పంపినవాడికీ అందుకున్నవాడికీ మధ్య సంబంధానికి చెందినవి. తేడా వచ్చేది మూడో పరీక్ష దగ్గర. స్పామ్ అన్నది సంబంధాన్ని బట్టి తేలుతుంది, అసభ్యత అన్నది అర్థాన్ని బట్టి తేలుతుంది. ఈ రెంటినీ కలగలిపి కుటుంబ రక్షణ అనే ఒకే పేరు పెట్టడంలోనే చిక్కంతా ఉంది.

అర్థాన్ని మాటల జాబితాతో పట్టుకోబోతే ఏమవుతుందో 1996లో తెలిసివచ్చింది. ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్లు ఒక పెద్ద ఇంటర్నెట్ కంపెనీలో ఖాతా తెరవలేకపోయారు. కారణం, ఆ ఊరి పేరు మధ్యలో నాలుగు అక్షరాలు కలిసి ఒక బూతుమాట అవుతున్నాయి. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మన మాటలకు విభక్తులు అంటుకుంటాయి, సంధులు కలుస్తాయి. రూపం మారితే జాబితాకు దొరకదు, దొరికితే అమాయకమైన మాట కూడా దొరికిపోతుంది. రొమ్ము అనే మాటను జాబితాలో చేర్చారనుకుందాం. రొమ్ము క్యాన్సర్ మీద వైద్యశిబిరం కబురు ఆగిపోతుంది, రొమ్ముపాల మీద ఆరోగ్య కార్యకర్త పంపిన సలహా ఆగిపోతుంది, ఆ మాట వాడిన స్త్రీవాద కవితా ఆగిపోతుంది. అసలు బూతు రాసేవాడు మాత్రం అక్షరాల మధ్య చుక్కలు పెట్టి, ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసి తప్పించుకుంటాడు. నేటి యంత్రాలు మాటల జాబితాలను దాటి వచ్చిన మాట నిజమే. కాని అవి నేర్చుకునేది తమ ముందు పోసిన రాతల నుంచి. తెలుగు రాతలు ఇంగ్లీషు రాతల కంటే ఎంతో తక్కువగా దొరుకుతాయి. తక్కువ చదివినవాడి తీర్పు ఎలా ఉంటుందో విమర్శకులకు వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీలే వడగట్టాలనే వాదంలో బలం లేకపోలేదు. ఫిల్టరు ఎక్కడ ఉంటుందో, ఎలా అమర్చుకోవాలో అందరికీ తెలియదు. చదువూ తీరికా ఉన్న ఇల్లు తనను తాను కాపాడుకుంటుంది. కూలికి వెళ్లి వచ్చే తల్లి ఆ పని చేయలేదు. నెలనెలా చందా తీసుకునే కంపెనీ నీళ్లు వడగట్టి ఇవ్వడం మున్సిపాలిటీ బాధ్యత అయినట్లే ఈ బాధ్యతా వహించాలి అంటారు. ఈ పోలిక సగం వరకే నిలుస్తుంది. నీళ్లలో క్రిమి ఎవరికైనా క్రిమే. ఉత్తరంలోని మాట ఒకరికి విషం, ఇంకొకరికి మందు.

ఈ సగం పోలికను పూర్తి పోలికగా నమ్మినచోట ఏమి జరిగిందో చూద్దాం. 2003లో మేఘాలయకు చెందిన ఒక యాహూ గ్రూపును ఆపమని మన ప్రభుత్వం ఆదేశిస్తే, ఒక్కదాన్ని ఆపడం చేతగాక సర్వీసు కంపెనీలు దేశమంతటా యాహూ గ్రూపులన్నిటినీ ఆపేశాయి. ఆ రోజుల్లో తెలుగు సాహిత్య చర్చలు కూడా ఆ గ్రూపుల్లో జరిగేవి. బ్రిటన్‌లో 2013లో ప్రధాని కామెరాన్ నాలుగు పెద్ద సర్వీసు కంపెనీల చేత కుటుంబ ఫిల్టర్లు పెట్టించాడు. అవి ఈమెయిళ్లకు కాదు, వెబ్ పేజీలకు. కాని నీతి ఒకటే. ఆ సంవత్సరాంతానికి అవి లైంగిక విద్య చెప్పే పేజీలను, అత్యాచార బాధితులకు సాయపడే సంస్థల పేజీలను కూడా ఆపుతున్నాయని బీబీసీ బయటపెట్టింది. 2015 జూలై 31న మన టెలికాం శాఖ 857 సైట్లను ఆపమంది. విమర్శలు రాగానే, పిల్లల అశ్లీల చిత్రాలు లేనివాటిని తెరవవచ్చు అంది. ఏది ఏదో మేమెలా తేల్చాలి అని కంపెనీలు చేతులెత్తేశాయి. వాళ్ల మాట న్యాయమే. తీర్పు చెప్పే పని ప్రభుత్వం కంపెనీకి అప్పగిస్తే, కంపెనీ భయంతో అవసరమైనదానికంటే ఎక్కువే ఆపుతుంది. ఆపినందుకు దాన్ని అడిగేవాడుండడు, వదిలినందుకు అడుగుతారు.

మనకు ఇంకా పాత అనుభవం ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో అచ్చు వేయించింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు హయాంలో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. పురుషులు రాసిన శృంగార ప్రబంధాలను నెత్తిన పెట్టుకున్నవాళ్లకే స్త్రీ రాసిన శృంగారం కుటుంబాలను చెడగొట్టేదిగా కనిపించింది. అశ్లీలమన్న తీర్పు వెనుక ఎవరు మాట్లాడవచ్చు, ఎవరు మాట్లాడకూడదు అన్న తీర్పు దాగి ఉంటుంది. జల్లెడ కన్నాలు ఎవరు కొలిచి పెట్టారన్నది అందుకే ముఖ్యం.

కుటుంబం అనే మాటను కూడా విడదీసి చూడాలి. కుటుంబం ఒక్క పాఠకుడు కాదు. కనెక్షను ఇంటి పెద్ద పేరు మీద ఉంటుంది, ఫిల్టరు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. తొలి రుతుస్రావం గురించి, గర్భనిరోధం గురించి, భర్త కొడితే ఎవరికి చెప్పుకోవాలన్న దాని గురించి ఇంట్లో అడగలేని అమ్మాయికి వచ్చే ఉత్తరం ఆ తాళంచెవి కింద ఆగిపోవచ్చు. ఆరేళ్ల బిడ్డకు కావలసిన రక్షణ, పదహారేళ్ల పిల్లకు కావలసిన సమాచారం, నలభై ఏళ్ల ఇల్లాలికి ఉండవలసిన స్వేచ్ఛ ఒకే జల్లెడలో ఇమడవు.

చట్టం సంగతి చూస్తే, అమెరికా 2003లో చేసిన స్పామ్ చట్టం గుంపు మెయిళ్లను నిషేధించలేదు. వద్దు అని మనం చెప్పేదాకా పంపనిచ్చింది. యూరపు 2002 ఆదేశం ఇందుకు భిన్నంగా, సాధారణంగా ముందే సమ్మతి ఉండాలంది. మన దేశంలో ఈమెయిల్ స్పామ్‌కని ప్రత్యేక చట్టం లేదు. 2008 సవరణతో ఐటీ చట్టంలో చేరిన 66ఎ సెక్షనులో చిరాకు కలిగించే, పంపినవాడి జాడ దాచే ఈమెయిళ్లను గురించిన భాగం ఒకటుండేది. స్పామ్‌కు పనికొస్తుందనుకున్న ఆ సెక్షను కింద 2012లో పాల్ఘర్‌లో ఇద్దరు యువతులను ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్య విషయంలో అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షనును కొట్టివేసింది. చిరాకు అనే మాటకు హద్దు లేదన్నది అందులో ఒక ముఖ్య కారణం. చెత్త ఊడ్చడానికని ఇచ్చిన చీపురు ఎవరి వీపు మీద పడిందో మనం మరచిపోకూడదు.

మరి దారేమిటి? 1970లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోవన్ కేసు ఇక్కడ పనికొస్తుంది. కామోద్రేకం కలిగించేదిగా తనకు తోచిన ప్రకటనలు తన ఇంటికి పంపవద్దని గృహస్థు పోస్టాఫీసు ద్వారా ఆదేశించవచ్చని అక్కడి చట్టం. అది అశ్లీలమా కాదా అన్నది ప్రభుత్వం తేల్చదు. అందుకున్నవాడి ఇష్టమే ప్రమాణం. కోర్టు దాన్ని సమర్థించింది. పంపేవాడి వాక్స్వాతంత్ర్యం వద్దన్నవాడి గుమ్మం దగ్గర ఆగుతుందన్నది దాని సారాంశం. మన టెలికాం నియంత్రణ సంస్థ 1909 నెంబరు ద్వారా వాణిజ్య ఎస్ఎంఎస్‌లకు పెట్టిన పద్ధతీ ఆ కోవలోదే. అమలులో లోపాలెన్ని ఉన్నా, ఏ రకం వద్దో చెప్పేది చందాదారే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. దొంగ చిరునామాలను, గుంపు మెయిళ్లను ఆపడం సర్వీసు కంపెనీల బాధ్యత. దానికి వేరే రుసుము వసూలు చేయకూడదు, ఎవరూ అడగనక్కర్లేదు. ఈమెయిల్ ఇప్పుడు ఎక్కువగా కొద్ది పెద్ద కంపెనీల చేతుల్లో ఉంది కనుక వాటికీ ఇదే వర్తించాలి. అసభ్యతను బట్టి వడగట్టడం మాత్రం అడిగినవారికే చేయాలి, కనెక్షనును బట్టి కాక మనిషిని బట్టి చేయాలి. ఆపిన ఉత్తరాన్ని చింపేయకుండా పక్కన ఉంచాలి. ఎందుకు ఆగిందో తెలుగులో చెప్పాలి, పొరపాటైతే విడిపించుకునే దారి ఉండాలి. ప్రభుత్వం తయారుచేసిన జాబితా దీనికి ఆధారం కాకూడదు.

ఇక రచయితల పని. మార్కెట్టు బూతును విమర్శించడం మనం పోలీసులకో యంత్రాలకో వదిలేస్తే, వాళ్లు బూతుతోపాటు దేహం గురించిన నిజాయితీ గల మాటనూ ఊడ్చేస్తారు. సరుకుగా మారిన దేహానికీ, తన బాధ తాను చెప్పుకునే దేహానికీ తేడా చూపించగలిగేది సాహిత్య విమర్శే. ఆ తేడాను తరగతి గదుల్లో, పత్రికల్లో విడమరచి చెప్పిన మేరకే మన పిల్లలకు తమ జల్లెడ తామే పట్టుకోవడం వస్తుంది.