డిస్కులో కరణంగారు

2024 సెప్టెంబరు మొదటి వారంలో కృష్ణకు వచ్చిన వరదను మా కొల్లూరు ప్రాంతంవారు ఇప్పట్లో మరచిపోరు. ప్రకాశం బారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు తక్కువ కాకుండా నీరు దాటిందని లెక్క. లంక గ్రామాలు మునిగినవి. అరటి, పసుపు, కంద నీళ్ళపాలయినవి. లంకలనుంచి ఇవతలికి వచ్చినవారు వెంట ఏమి తెచ్చుకున్నారో చూసినవాణ్ణి నేను. ముందు పిల్లలు, తరువాత ముసలివాళ్ళు, ఆ వెనక ఒక ట్రంకు పెట్టె. పెట్టెలో నగలుంటవని అనుకోకండి. దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, ఒకటి రెండు పెళ్ళి ఫోటోలు.

(కొల్లూరు అనగానే కోహినూరు దొరికిన ఊరేనా అని అడిగేవారున్నారు. కాదండీ. వజ్రాల కొల్లూరు పైన పల్నాడులో ఉండేది. ఇప్పుడది పులిచింతల జలాశయం నీళ్ళ కిందికి పోయింది. మాది తెనాలి దగ్గర కొల్లూరు. ఇక్కడ దొరికేది కంద.)

వరద తీసిన తరువాత మా వీధిలో కొందరు తడిసిన కాగితాలు ఆరబెట్టుకుని, స్కానింగు చేయించి, కంప్యూటరు డిస్కులో దాచుకున్నారు. మంచి పనే. అయితే పెట్టెలో కాగితం తడిస్తే కంటికి కనబడుతుంది. డిస్కులో దాచినది చెడితే? దాన్ని కనిపెట్టి ఉండేవారెవరు?

డిస్కును ఒక పెద్ద పొలం అనుకోండి. సమానమైన మడులుగా గట్లు వేసి, ప్రతి మడికీ ఒక నంబరు వేసిన పొలం. మామూలుగా ఒక్కో మడిలో 4,096 ఇంగ్లీషు అక్షరాలు పడతవి. మన అక్షరానికి అంతకు మూడింతలు, ఒత్తులూ గుణింతాలూ తగిలితే ఇంకా ఎక్కువ చోటు కావాలి. అది వేరే కథ. ఒక టెరాబైటు డిస్కులో ఇటువంటి మడులు సుమారు 24 కోట్లు. మీ దస్తావేజు ఒకచోటనే ఉండాలని లేదు. ముక్కలు ముక్కలుగా పది మడుల్లో ఉండవచ్చు. ఏ ముక్క ఏ మడిలో ఉన్నదో, ఏ మడి ఖాళీగా ఉన్నదో రాసిపెట్టుకునే వ్యవహర్తకే ఫైల్ సిస్టమ్ అని పేరు. మన ఊళ్ళలో కరణీకాలు 1984లో పోయినవి గాని, డిస్కులో కరణంగారు మాత్రం ఉద్యోగం చేస్తూనే ఉన్నారన్నమాట.

కరణంగారి లెక్క తప్పితే ఏమవుతుందో పల్లెటూరివారికి చెప్పనక్కరలేదు. పొలం పొలంగానే ఉంటుంది, సర్వే నంబరు మాత్రం ఇద్దరి పేర ఎక్కుతుంది. డిస్కులోనూ అంతే. అమ్మాయి పెళ్ళి ఫోటో ఉన్న మడిని ఖాళీ అని రాసుకుంటే, రేపు అక్కడ మరొకటి తెచ్చి నాటుతారు.

కరెంటు పోవడమన్నది ఇంకొక గండం. కరణంగారు ఒక పద్దు కొట్టివేసి, రెండో పద్దు రాయబోయే లోపల దీపం ఆరిపోయిందనుకోండి. లెక్క అటూ ఇటూ కాకుండా నిలిచిపోతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం మన షావుకార్లకు ఎన్నడో తెలిసినదే: ముందు చిట్టాలో రాయడం, ఆనక ఆవర్జాకు ఎక్కించడం. కరెంటు వచ్చాక చిట్టా తిప్పి చూసుకుంటే, పూర్తిగా రాసిన పద్దును ఆవర్జాకు ఎక్కించవచ్చు, సగంలో ఆగినదాన్ని వదిలివేయవచ్చు. లైనక్సులో ఈ చిట్టా పద్ధతి తెచ్చిన ఎక్స్‌ట్-3 అనే ఫైల్ సిస్టమ్ 2001లో అందరికీ అందింది. దాని తమ్ముడు ఎక్స్‌ట్-4, 2008లో. ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మామూలు ఏర్పాటులో చిట్టాకెక్కేది కరణంగారి పద్దులే, మడిలోని పంట కాదు. అంటే కరెంటు పోతే లెక్క చెడదు గాని, అప్పుడే రాస్తున్న మీ ఉత్తరం పోదని హామీ లేదు.

ఈ ఎక్స్‌ట్-4 వంటివాటి ప్రత్యేకత ఏమిటంటే, కరణంగారు పని చేసే పద్ధతి అంతా బహిరంగం. ఎవరైనా తెరిచి చదవవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. పంపినంత మాత్రాన చేర్చుకోరు. దిద్దుబాటు ఎందుకో వివరిస్తూ ఉత్తరం రాయాలి. దాన్ని తెలిసినవారు వరుసవరుసా చదివి ప్రశ్నలు వేస్తారు. మార్చి మళ్ళీ పంపితే మళ్ళీ చదువుతారు. తృప్తి కలిగినవారు తమ పేరుతో ‘నేను చదివి చూశాను’ అని కింద ఒక వరుస చేరుస్తారు. పూర్వం తాసిల్దారుగారు వచ్చి కరణం లెక్కలకు జమాబందీ చేసేవారే, ఆ తంతు. తేడా ఏమిటంటే ఈ జమాబందీ ఏడాదికొకసారి కాదు, రోజూ. తాసిల్దార్లు లోకమంతటా ఉన్నారు.

మా మేనల్లుడు ఒకడు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ఈ పని చేస్తాడు. మొన్న సంక్రాంతికి వచ్చి రెండు రోజులు కంప్యూటరు ముందునుంచి లేవలేదు. ఏమిట్రా అంటే, ఎవరో విదేశస్థుడు పంపిన దిద్దుబాటు చదువుతున్నాడట. ఎంత ఉన్నదని చూస్తే ఏడు వరుసలు!

‘‘ఏడు వరుసలకు రెండు రోజులేమిట్రా?’’ అన్నాను.

‘‘ఏడు వరుసలే మామయ్యా. వాటిని పిలిచేవి నాలుగు వందల వరుసలున్నాయి. ఇదుగో, ఈ మూడో వరుసకూ నాలుగో వరుసకూ మధ్య కరెంటు పోతే ఏమవుతుందో నాకు తేలడం లేదు.’’

‘‘ఇన్వర్టరు ఉందిగా నాయనా!’’ అన్నది మా ఆవిడ, అరిసెల పళ్ళెం పట్టుకుని.

వాడు నవ్వాడు గాని ప్రశ్న వదలలేదు. అది రాసి పంపాడు. ఈ జాగ్రత్త చాదస్తం కాదని తెలియాలంటే 2023 చివర జరిగిన వ్యవహారం చెప్పాలి.

లైనక్సుకు కొత్త కూర్పులు వస్తూ ఉంటవి. పాత కూర్పులు వాడేవారు కోట్లమంది ఉంటారు కాబట్టి, కొత్తదానిలో చేసిన మంచి దిద్దుబాట్లను పాతవాటిలోకి కూడా దించుతారు. తెనాలి అచ్చాఫీసుల్లో పనిచేసినవారికి ఇది బాగా తెలుస్తుంది: రెండో ముద్రణలో దిద్దిన తప్పును మొదటి ముద్రణ ప్రతుల్లోనూ చీటీ అంటించి సరిచేయడం వంటిది. ఎక్స్‌ట్-4లో ఒక దిద్దుబాటు వచ్చింది. డిస్కు మీద నేరుగా రాసినప్పుడు ఫైలు పొడవు కూడా భద్రంగా డిస్కుకు చేరేటట్లు చూడడం దాని ఉద్దేశం. సరైన దిద్దుబాటే. నవంబరు చివర దాన్ని 6.1 అనే పాత కూర్పులోకి దించి, 6.1.64 పేరుతో విడుదల చేశారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ధాన్యం కొలిచే మనిషీ, లెక్క రాసే గుమాస్తా ఉన్నారనుకోండి. పాత కూర్పులోని గుమాస్తాకు ఒక అలవాటు: కొలిచేవాడు మాట్లాడకుండా ఉంటే అంతా సవ్యమేననుకుని వేలు తరువాతి వరుసకు జరుపుతాడు, ఏమి పలికినా ఫిర్యాదనుకుని వేలు అక్కడే ఉంచుతాడు. కొత్త దిద్దుబాటు వల్ల కొలిచేవాడు ‘ఇన్ని బస్తాలయినవి’ అని పలకడం మొదలుపెట్టాడు. కొత్త కూర్పులో గుమాస్తాను అంతకుముందే వేరొక దిద్దుబాటుతో మార్చి ఉన్నారు. అతను ఫిర్యాదుకే ఆగుతాడు, లెక్క చెబితే ఆగడు. పాత కూర్పులోకి కొలిచేవాడి మార్పు దిగింది గాని గుమాస్తా మార్పు దిగలేదు. ఫలితం: బస్తాలెన్నో పలికినప్పుడల్లా వేలు కదలదు; తరువాతి బస్తా లెక్క ముందు బస్తా లెక్క మీదనే రాస్తాడు. రెండు దిద్దుబాట్లూ ఒప్పే. ఒకటి వచ్చి ఒకటి రాకపోవడమే తప్పయింది.

దీన్ని పట్టించినది లినారో సంస్థవారి పరీక్షల జట్టు. విడుదలకు ముందు వచ్చే కూర్పులన్నిటినీ పరీక్షలకు నిలబెట్టడం వారి పని. ‘ప్రెడ్‌వి03’ అనే చిన్న పరీక్ష తప్పింది. అటువంటివి యంత్రం లోపమని తోసిపుచ్చడం సులభం. సూసే కంపెనీలో పనిచేసే యాన్ కారా తోసిపుచ్చలేదు. తాను రాసిన దిద్దుబాటే ఇది. దాన్నే మళ్ళీ తవ్వి, రెండు ముక్కల మధ్య పొత్తు కుదరని చోటును చూపించి, ఇది డేటాను చెడగొడుతుందని బహిరంగంగా చెప్పాడు. అప్పటికి 6.1.64 బయటికి వెళ్ళిపోయింది. ఆ కూర్పు మీద నడిచే డెబియన్ వారు డిసెంబరు 9న 12.3 విడుదల చేయబోతూ ఆగిపోయి, వాడకందార్లను కొత్తది ఎక్కించుకోవద్దని హెచ్చరించారు. సరిచేసిన 12.4ను మరునాడే, డిసెంబరు 10న ఇచ్చారు. డిస్కు మీద నేరుగా రాసే డేటాబేసుల వంటివాటికే ఈ ప్రమాదం. ఇంట్లో ఫోటోలు దాచుకునేవారికి తగిలే పాలు తక్కువ.

వందలమంది చూస్తారు కాబట్టి బహిరంగమైన దానిలో తప్పులు దాగవని గొప్పగా చెబుతుంటారు. నాకు ఆ మాట సగమే రుచిస్తుంది. వందమంది చూశారంటే వందమంది చదివారని కాదు. జమాబందీ నాడు ఊరంతా చావడి దగ్గర చేరేవారు. లెక్క కూడినవాడు మాత్రం ఒకడే.

చదివేవారిలో మనవాళ్ళు లేకపోలేదు. వేల కంప్యూటర్లను కలిపి ఒకే గాదెగా వాడుకునే హడూప్ అనేది ఉన్నది. డగ్ కటింగ్ అనే ఆయన తన కొడుకు ఆడుకునే పసుపుపచ్చ ఏనుగుబొమ్మ పేరే దానికి పెట్టాడు. దాని ఫైల్ సిస్టమ్ పనిలో ఉమామహేశ్వరరావు గంగుమళ్ళ, బ్రహ్మారెడ్డి బత్తుల వంటి పేర్లు కనిపిస్తవి. 2020 జూలైలో వచ్చిన 3.3.0 కూర్పు విడుదల బాధ్యత బ్రహ్మారెడ్డిగారిదే. అక్కడ ఏ దస్త్రాన్నయినా మామూలుగా మూడు ప్రతులు దాస్తారు. 2017 డిసెంబరులో వచ్చిన 3.0 కూర్పులో ఇంకొక పద్ధతి చేరింది: ఆరు ముక్కలకు మూడు లెక్క ముక్కలు తోడు చేస్తే, తొమ్మిదిలో ఏ మూడు పోయినా మిగతా ఆరింటితో మొత్తం రాబట్టవచ్చు. మూడింతల చోటు అక్కరలేదు, ఒకటిన్నరతో సరి. 2010లో ఆటవాలో జరిగిన లైనక్సు సదస్సులో వర్ట్ ఎఫ్.ఎస్. అనే ఫైల్ సిస్టమ్ గురించి వెలువడిన పత్రానికి నలుగురు రచయితలు. అందులో వెంకటేశ్వరరావు జుజ్జూరి, బదరి పులవర్తి అనేవి రెండు పేర్లు.

మా మేనల్లుడి పేరు ఇంకా అంత దూరం పోలేదు. కనుమ నాడు వాడి ప్రశ్నకు జవాబు వచ్చింది. ఆ విదేశస్థుడు వాదించలేదు, పొగడనూ లేదు. మీరన్నది నిజమే, మూడూ నాలుగూ వరుసలు తారుమారు చేసి మళ్ళీ పంపుతానన్నాడు. పంపాడు. మనవాడు చదివి, చిట్టాలో చోటు చాలకపోతే ఏం చేస్తారని ఇంకొక ప్రశ్న రాశాడు. మూడో ప్రతి వచ్చింది. దాన్ని వేరొకరు ఆపారు. ‘‘దీనికి నీకేమన్నా ఇస్తారా నాయనా?’’ అని మా ఆవిడ అడిగితే, ‘‘కింద నా పేరు వేస్తారత్తయ్యా,’’ అన్నాడు. ముక్కనుమ మరునాడు తెనాలిలో బండెక్కించి వచ్చాను. నిన్న ఫోను చేసినప్పుడు అడిగాను. నాలుగో ప్రతి ఇంకా రాలేదట.