తుమ్మెద కోసం ఒక తంగేడు గింజ



పోయిన నెల పీటీఎంలో ఒక అమ్మ మార్కుల గురించి మాట్లాడటం అయిపోయాక నన్ను పక్కకు పిలిచారు. నాలుగో అంతస్తు మిద్దె మీద కాకరపాదు పెట్టారట. తీగ బాగా పాకింది, పూలు విరగబూస్తున్నాయి, పిందెలు మాత్రం వేలెడు కూడా ఎదగకుండా పసుపెక్కి రాలిపోతున్నాయట. “మీరు సైన్స్ టీచరు కదా మేడమ్, ఏ మందు కొట్టమంటారు?” అని అడిగారు.

మందు కొడితే ఇంకా నష్టమండి. కాకరలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పొద్దున్నే విచ్చుకుంటాయి. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకు చేరకపోతే పిందె నిలవదు. పిందె రాలడానికి నీళ్లు తక్కువ కావడం లాంటి కారణాలు కూడా ఉంటాయి. కానీ ఆవిడ ఇంకో మాట అన్నారు. “మా మిద్దె మీద తేనెటీగను చూసి ఎన్నాళ్లయిందో” అని. నాకు అక్కడే విషయం అర్థమైంది. ప్రస్తుతానికి పొద్దున ఏడు గంటలకు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మెల్లగా రుద్దమని చెప్పాను. కానీ రోజూ ఆ పని మనం ఎన్ని పూలకని చేస్తాం? ఈగలు వాటంతట అవే రావాలంటే వాటికి ఏడాదిలో ఎక్కువ రోజులు తిండి ఉండాలి. ఆ తిండి మన చుట్టూ పిచ్చిమొక్కలుగా పెరిగే వాటిలోనే ఉంది.

మా సెవెన్త్ క్లాస్ పిల్లలు పువ్వు బొమ్మ గీసి అన్ని భాగాలకూ ఇంగ్లిష్‌లో పేర్లు రాస్తారు. “పుప్పొడి అంటే ఏంటి?” అంటే ఇద్దరే చేతులెత్తారు. వాళ్లనేం అనను, బీఈడీలో నేనూ అలాగే చదువుకున్నాను. అందుకే గత ఏడాది వాళ్లతో ఈ పని మొదలుపెట్టాను.

ముందు మా తప్పులు చెప్తాను. తంగేడు గింజలు నలభై తెచ్చి ట్రేలలో పెడితే మూడంటే మూడే మొలిచాయి. పిల్లలు రోజూ లంచ్ టైంలో వెళ్లి చూసి దిగాలుగా తిరిగొచ్చేవాళ్లు. తర్వాత తెలిసింది, తంగేడు గింజ పైపొట్టు చాలా గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. నీళ్లు మరిగించి, స్టవ్ ఆపి, కాసేపాగి గింజల మీద పోసి, రాత్రంతా అలాగే వదిలేయాలి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి, పిల్లలకు ఇవ్వకండి. తెల్లారేసరికి ఉబ్బిన గింజలను వేలి గోరంత లోతులో నాటండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టండి. రెండోసారి మాకు సగానికి పైగా మొలిచాయి.

గునుగు గింజలతో తప్పు ఇంకోలా జరిగింది. నల్లగా మెరిసే ఆ చిన్న గింజలను మట్టితో కప్పి, మగ్గుతో నీళ్లు పోశాం. గింజలన్నీ కొట్టుకుపోయి ట్రేలో ఒక మూలకు చేరాయి. అంత చిన్న గింజలను పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లి, అరచేత్తో అద్ది, నీళ్లు తుంపరగా పడేలా కొట్టాలి. తుమ్మికి కూడా ఇదే పద్ధతి.

ఇక అసలు సంగతి. తంగేడు 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు. ఇదంతా మీకు తెలిసిందే. మా పిల్లలు నోరు తెరిచి చూసింది వేరే. ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఉన్న సంచులకు చివర చిన్న రంధ్రాలుంటాయి. మామూలు తేనెటీగకు అందులోంచి పుప్పొడి రాలగొట్టడం రాదు. నల్లగా, లావుగా ఉండే తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్లంతా వణికిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి ఉప్పు డబ్బాలోంచి ఉప్పు రాలినట్టు రాలుతుంది. దగ్గరగా నిలబడితే ఆ జుమ్మనే శబ్దం వినొచ్చు. వంకాయ, టమాటా పూలలోనూ పుప్పొడి ఇలాగే దాగి ఉంటుంది. అందుకే వంగ మొక్కల పక్కన తంగేడు ఉంటే, దానికోసం వచ్చిన తుమ్మెద వీటినీ పలకరించి పోతుంది. తంగేడు వేరు లోతుగా దిగుతుంది కాబట్టి పెద్ద డ్రమ్ము లేదా నేల కావాలి. బాల్కనీలోనే పెంచేవాళ్లకు తుమ్మి నయం. చిన్న కుండీ చాలు, చిన్న చిన్న తెల్లపూల మీద చిన్న ఈగలు, సీతాకోకచిలుకలు వాలుతూనే ఉంటాయి.

“ఆన్‌లైన్‌లో వైల్డ్ ఫ్లవర్ సీడ్స్ ప్యాకెట్ దొరుకుతుంది కదా మేడమ్” అని కొందరు అడిగారు. వాటిలో చాలావరకు కాస్మోస్, జిన్నియా లాంటివి ఉంటాయి, మెక్సికో వైపు మొక్కలు. తేనెటీగలు వాటి మీదా వాలతాయి, కాదనను. కానీ మన సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకోవడానికి వాటికి తెలిసిన ఆకే కావాలి. తంగేడు ఆకుల మీద పచ్చ పురుగులు కనిపిస్తే కంగారుపడి వేపనూనె కొట్టకండి, అవి సీతాకోకచిలుకల పిల్లలు కావచ్చు. ముద్దబంతి విషయానికొస్తే, అది పూజకు, దండకు బాగుంటుంది. రేకుల మీద రేకులు ముద్దగా ఉండటంతో ఈగకు అందేది తక్కువ.

కుడతాయేమోనన్న భయం సహజమే. తుమ్మెదలు, పొట్ట మీద నీలి చారలుండే ఈగలు పెద్ద పట్టు కట్టవు. ఒక్కొక్క ఆడ ఈగ తన గూడు తానే చేసుకుంటుంది, చేత్తో పట్టుకుంటే తప్ప దాదాపు కుట్టవు. అపార్ట్‌మెంట్ సన్‌షేడ్‌కు పెద్ద తేనెపట్టు ఉంటే అది వేరే విషయం, పిల్లల్ని దూరంగా ఉంచండి. కుడితే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చే పిల్లలుంటే క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి, వాళ్లకు విత్తనాలు ఏరే పని మాత్రమే ఇస్తాం.

ఇంకో చిన్న బాధ కూడా చెప్పాలి. ఆగస్టులో మా తుమ్మి మొక్కలు పూతకు వచ్చాక ఎవరో శుభ్రం చేద్దామని అన్నీ పీకేశారు. వాళ్ల తప్పు లేదు, బోర్డు పెట్టనిది నేను. ఇప్పుడు “ఇది పిచ్చిమొక్క కాదు” అని పిల్లలే రెండు భాషల్లో బోర్డు రాశారు. మీ ఇంట్లో కూడా పనివాళ్లకు, ఇంటి ఓనర్‌కు ముందే చెప్పి పెట్టుకోండి.

ఇది నవంబరు. గునుగు కంకులు ఎండి గింజలు రాలే రోజులు. తుమ్మి కూడా వరుసగా ఎండుతుంది. తంగేడు కాయలు మరికొంత కాలం ఆగాలి, గోధుమరంగుకు వచ్చి గలగలలాడితే కోయొచ్చు. ఆదివారం పిల్లల్ని తీసుకుని ఊరికి వెళ్లినప్పుడు, చెరువు గట్టు మీదో, ఖాళీ ప్లాట్లలోనో వెతకండి. మొక్క పీకొద్దు, గింజలన్నీ దులిపెయ్యొద్దు, కొన్ని అక్కడే రాలనివ్వండి. పేరు తెలియని మొక్క అయితే అమ్మమ్మనో నానమ్మనో అడగండి. వయ్యారిభామ మాత్రం వద్దు, దాంతో చాలామందికి అలర్జీ వస్తుంది.

గింజలు నీడలో ఆరబెట్టి పేపర్ కవర్లో వేయండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి బూజు వస్తుంది. విత్తేది జూన్‌లో, మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడ్డాక. అప్పటిదాకా ఆగలేని పిల్లలుంటే వంటింట్లో ధనియాలు నలిపి ఒక కుండీలో చల్లండి. కొత్తిమీర మొత్తం కోయకుండా నాలుగు మొక్కలు పూతకు వదలండి. మన అడవి పువ్వు కాకపోయినా, చలికాలం ఎండలో ఆ తెల్లపూల మీద ఎన్ని రకాల ఈగలు వాలతాయో పిల్లలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు.

గింజలు ఎక్కువ దొరికితే డిసెంబరు మొదటి వారంలో పిల్లలతో స్కూల్‌కు పంపండి. కవర్ మీద మూడు విషయాలు రాయించండి: మొక్క పేరు తెలుగులో, గింజలు దొరికిన చోటు, తేదీ. పేరు తెలియకపోతే ఖాళీ వదిలేయండి, క్లాసులో కలిసి కనుక్కుంటాం.