లాన్‌లో రెయిన్ లిల్లీ: ట్యూలిప్ గడ్డలు కుళ్ళాక నేను నేర్చుకున్నది

పై వీడియోలో గరిక మధ్యలో తెల్లగా, గులాబీ రంగులో కనిపిస్తున్నవి రెయిన్ లిల్లీలు. నాచారంలో ఒక అపార్ట్‌మెంట్ లాన్ అది. మందులు, యూరియా లేకుండా చూసుకుంటానని మాటిచ్చి తీసుకున్న పని. కానీ ఈ పూల దాకా రావడానికి రెండు తప్పులు చేశాను, మూడోది త్రుటిలో తప్పింది. మీరు చేయకూడదనే రాస్తున్నా.

మొదటి తప్పు: ట్యూలిప్

అపార్ట్‌మెంట్ వాళ్ళు శ్రీనగర్ వెళ్ళి వచ్చారు. జబర్వాన్ కొండల కింద 2007లో తెరిచిన ట్యూలిప్ తోట చూసి, "మన లాన్‌లో కూడా ఇలా రావాలి" అన్నారు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, అయినా కాదనలేకపోయాను. నవంబర్‌లో అరవై గడ్డలు తెప్పించి నాటాను. ఆకులు కొంచెం వచ్చాయి. ఫిబ్రవరికి తవ్వి చూస్తే చేతికి మెత్తటి గుజ్జు తగిలింది. ఆ డబ్బు నా జేబులోంచే పోయింది.

కారణం చదువుకున్నదే, మర్చిపోయాను. ట్యూలిప్ మధ్య ఆసియా కొండల మొక్క. గడ్డలో పూమొగ్గ సరిగ్గా ఎదిగి పైకి రావాలంటే 12 నుంచి 16 వారాలు 9 డిగ్రీల లోపు చలి కావాలి. మన హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రులు కూడా సగటున 15 డిగ్రీల దగ్గరే. ఫ్రిజ్‌లో చలి పెట్టిన గడ్డలను కుండీలో ఒకసారి పూయించొచ్చు, అంతే. మరుసటి ఏడాదికి పనికిరావు. ఎత్తైన మంచు కొండల మొక్కలు చాలావాటిదీ ఇదే కథ. మన వేడి, తేమ రాత్రులకు అవి కుళ్ళిపోతాయి.

మన నేలకు మన గడ్డలే

గడ్డ అంటే మొక్క దాచుకున్న సద్ది మూట. అక్కడ చలికి నిద్రపోయి వసంతంలో లేస్తుంది. మన దగ్గర ఎండకు నిద్రపోయి వానకు లేస్తుంది. మన బీళ్ళలో అడవి ఉల్లి చూడండి. ఎండాకాలంలో ఆకు లేకుండానే పూల కాడ వేస్తుంది, వానలు పడ్డాక ఆకు వస్తుంది. నేలతాడి కూడా తొలకరికే పచ్చటి గడ్డిలో పసుపు నక్షత్రాల్లా పూస్తుంది. వీటిని అడవి నుంచి తవ్వి తేవొద్దు, అక్కడే ఉండనివ్వండి.

లాన్‌కి సులువుగా దొరికేది రెయిన్ లిల్లీ. దక్షిణ, మధ్య అమెరికా నుంచి వచ్చిన మొక్క అయినా మన వాన తీరుకు బాగా అలవాటు పడింది. కొన్నాళ్ళు నేల ఆరి, తర్వాత గట్టి వాన పడితే మూడు నుంచి ఐదు రోజుల్లో పువ్వు. రోజూ కొంచెం కొంచెం తడిపితే ఆకు వస్తుంది గానీ పువ్వు సరిగ్గా రాదు. వాన లేకపోతే రెండు మూడు వారాలు ఆరగట్టి, వేళ్ళ లోతు దాకా ఒక్కసారే తడపండి.

నాటే పద్ధతి

* మే చివర, తొలకరికి ముందు నాటాలి. ఎండ కనీసం అర పూట తగలాలి.
* లాన్ అంతా చల్లొద్దు. అంచుల్లో, చెట్ల చుట్టూ చిన్న మడులుగా పెట్టండి. గడ్డి కోసే మిషన్ అటు వెళ్ళకూడదు.
* లోతు రెండు అంగుళాలు, గడ్డకీ గడ్డకీ మూడు నాలుగు అంగుళాలు.
* నీళ్ళు నిలవకూడదు. ఉప్పల్, నాచారం ప్లాట్లలో పైన ఎర్రమట్టి ఉన్నా కింద ఇల్లు కట్టిన రాళ్ళు, సిమెంట్ పెళ్ళలు ఉంటాయి. జానెడు లోతు తవ్వి అవి తీసి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపండి.
* ఎకరాకు 200 లీటర్ల జీవామృతం లెక్కన 100 గజాలకు 4 లీటర్లు. దానికి పది రెట్లు నీళ్ళు కలిపి నెలకు ఒకసారి పోస్తే చాలు. ఘనజీవామృతం ఎకరాకు 400 కిలోల లెక్కన 8 కిలోలు.
* యూరియా వేస్తే గడ్డి ఏపుగా పెరిగి లిల్లీని కప్పేస్తుంది.

రెండో తప్పు: కోత

మొదటి ఏడాది జూలైలో లాన్ నిండా పూలు. అందరూ ఫోటోలు దిగారు. పూలు వాడగానే మాలి మిషన్ పెట్టి ఆకులతో సహా కోసేశాడు, వారం వారం కోస్తూనే ఉన్నాడు. అతని తప్పు కాదు, నేను చెప్పలేదు. రెండో ఏడాది లెక్కపెడితే పదకొండు పూలే!

పువ్వు అయ్యాక ఆకు చేసే పనే వచ్చే ఏటి పువ్వు. ఆకు వండిన అన్నమే గడ్డలోకి దిగుతుంది. అందుకే పూసిన తర్వాత కనీసం ఆరు వారాలు ఆ మడుల్లో కోత వద్దు. లిల్లీ పూలు, అదే నేల సంపెంగ పండించే రైతులకు ఇది కొత్త కాదు. ఆకు బాగుంటేనే గడ్డ ఊరుతుంది, పిల్లలు వస్తాయి. మడుల చుట్టూ ఇటుకలు పేర్చాక మూడో ఏడాది పూలు మళ్ళీ వచ్చాయి. అసోసియేషన్ వాళ్ళు పని నా దగ్గరే ఉంచారు.

పురుగు ఒకటుంది. నల్లటి ఒంటి మీద మచ్చలుండే లిల్లీ గొంగళి, రెండు రాత్రుల్లో ఆకు మొత్తం తినేస్తుంది. పొద్దున్నే ఏరేయండి. ఎక్కువైతే నీమాస్త్రం: 10 లీటర్ల నీళ్ళకు అర కిలో వేపాకు ముద్ద, అర లీటరు గోమూత్రం, 100 గ్రాముల పేడ కలిపి, ఒక రోజు ఉంచి, వడగట్టి పిచికారీ చేయండి.

త్రుటిలో తప్పిన మూడోది

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒక సాయంత్రం వాచ్‌మన్ వాళ్ళావిడ మడి దగ్గర కూర్చొని ఆకులు తెంపుతోంది. "ఏంటక్కా?" అంటే, "ఉల్లికాడలే కదా తమ్ముడూ, పప్పులో వేద్దామని" అంది. నా గుండె ఆగినంత పనైంది. రెయిన్ లిల్లీ ఆకులో, గడ్డలో లైకోరిన్ అనే విషం ఉంటుంది. గడ్డలోనే ఎక్కువ. తింటే వాంతులు, విరేచనాలు. చిన్న పిల్లలకు, మేకలకు, దూడలకు ఇంకా ప్రమాదం. ఆమె చీర కొంగులో ఉన్నవన్నీ తీయించాను. ఆకు నలిపి ఇద్దరం వాసన చూశాం. ఉల్లి ఘాటు లేదు, పచ్చి గడ్డి వాసనే. ఈ గుర్తు మీరూ పెట్టుకోండి. ఎవరైనా తింటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సహజ పద్ధతిలో పెంచాం కదా, అన్నీ తినేవే అనుకుంటారు జనం. మందు కొట్టలేదని చెప్పే మనమే, తినకూడదని కూడా చెప్పాలి. ఇప్పుడు ప్రతి మడి దగ్గర "తినకూడదు" అని తెలుగులో, హిందీలో బోర్డు పెట్టాను, పక్కన బొమ్మ కూడా వేయించాను. ఉల్లికాడలు కావాలని అడిగిన అక్కకి గేటు పక్కన వేరే మడి కట్టి నిజమైన ఉల్లి నాటించాను. లిల్లీకి, ఉల్లికి మధ్య ఇరవై అడుగులు ఉంచాను.

రెండు ఆకులు పక్కపక్కన పెట్టి తేడా ఎలా చూడాలో వీడియో చివర్లో చూపించాను. గడ్డలు నాటే ముందు అది ఇంట్లో అందరికీ ఒకసారి చూపించండి.