ఎండకు ఆరని మంచు

1860వ సంవత్సరపు వేసవిలో ఛార్లెస్ డార్విన్ ఇంగ్లండునందలి ససెక్సు ప్రాంతమున విశ్రాంతి తీసికొనుచుండెను. జాతుల పుట్టుకను గూర్చిన ఆయన గ్రంథము వెలువడి యప్పటికి ఏడాదియైనను కాలేదు. ఆ వాదోపవాదముల నడుమ ఆయన దృష్టి నాకర్షించినది, చొక్కా గుండీలంతేసి ఆకులతో చిత్తడి నేలను కరచుకొని పెరుగు ఒక అల్పమైన మొక్క. పండ్రెండు మొక్కలను సేకరించి చూడగా వానికి విచ్చిన ఆకులు 56. అందు 31 ఆకులమీద చచ్చిన పురుగులు అంటుకొని యుండెను. ఇది కాకతాళీయమా, లేక ఆ మొక్క చేయు వేటయా? ఈ ప్రశ్నకు సమాధానముగా ఆయన గ్రంథము ప్రకటించుటకు పదునైదేండ్లు పట్టెను.

శాస్త్రజ్ఞులు ఈ మొక్కను డ్రోసెరా అందురు. గ్రీకు భాషలో మంచుతో తడిసినదని దాని యర్థము. ఆకు నిండ ఎఱ్ఱని కేసరములవంటి నూగు. ఒక్కొక్క నూగు కొనను ఒక్కొక్క జిగురు బొట్టు. డార్విన్ లెక్కించిన ఆకులలో సగటున ఆకునకు 192 నూగులు గలవు. ప్రొద్దెక్కి గడ్డిమీది మంచు ఇగిరిపోయినను ఈ బొట్లు ఇగురవు. ఆ మెఱుపు చూచి వ్రాలిన దోమకు కాలు అంటుకొనును. గింజుకొన్నకొలది మరికొన్ని బొట్లు తగులును. అంతట చుట్టునున్న నూగులు మెల్లగా వంగి దానిని ఆకు నడిమికి చేర్చును. అప్పుడు ఆమ్లమును, మాంసకృత్తులను కరగించు రసమును ఊరును. మన కడుపులో మరుగున జరుగు పని యిచ్చట బట్టబయలుగా జరుగును! కొన్ని దినములకు ఆకు మరల విచ్చుకొనునప్పటికి పురుగు రెక్కలును, పై పెంకును మాత్రమే మిగులును.

డార్విన్ ఆ ఆకులకు మాంసపు తునుకలు, గ్రుడ్డులోని తెల్లసొన, గాజు ముక్కలు, వెండ్రుక తునుకలు పెట్టి చూచెను. గాజును పట్టుకొన్న ఆకు త్వరలోనే విడిచిపెట్టెను. మాంసమును పట్టుకొన్నది చాలకాలము విడువలేదు. కంటికి ఆనీ ఆనని వెండ్రుక ముక్కకు కదలు నూగు వానచినుకు దెబ్బకు కదలదు. ప్రపంచమందలి జాతులన్నిటి పుట్టుకకంటె తనకు ఈ మొక్కమీదనే మక్కువ యెక్కువని ఆయన 1860 నవంబరులో మిత్రుడు లయెల్‌కు వ్రాసెను. అందు హాస్యము కొంత యున్నను నిజము లేకపోలేదు.

అయినను 1875లో గ్రంథము వెలువడిన పిమ్మట ఒక ఆక్షేపణ మిగిలెను: పురుగులు దొరకకున్నను మొక్క బ్రతుకుచున్నది గదా, మరి ఈ వేటవలన ఫలమేమి? దీనిని తేల్చినవాడు డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్. పురుగులు సోకకుండ కొన్ని మొక్కలను కాపాడి, సగము మొక్కలకు మాంసము పెట్టి, సగమును పస్తుంచెను. మాంసము తిన్న మొక్కలు చాల ఎక్కువ గింజలనిచ్చినవని 1878లో ప్రకటించెను.

ఇంత ప్రయాస యెందుకనగా, అది పుట్టిన నేల అట్టిది. అక్కడ స్ఫాగ్నమ్ అను నాచు దుప్పటివలె పరచుకొని వాననీటిని పీల్చి నిలుపుకొనును. ఆ నీరు పుల్లనిది. అందు గాలి యాడదు. చచ్చిన ఆకు సరిగా కుళ్ళక వేలయేండ్లు పొరలుపొరలుగా పేరుకొనును. నత్రజని అందులోనే చిక్కుకొనిపోవుటచే వేళ్ళకు దక్కునది స్వల్పము. పోనీ యని ఎరువు వేసినచో మొక్కకు మేలు కలుగునా? కలుగదు. ఎరువు తగిలినంతనే గడ్డి ఏపుగా పెరిగి దానిని నీడలో ముంచివేయును. పేదనేలయే దానికి పెట్టనికోట. పొలములకును, వంటచెరకునకును, తోటల మట్టికిని మానవుడు ఆ బురదనేలల నీరు తోడి, త్రవ్వి ఎత్తుకొనిపోవుటచే ఇంగ్లండులో అనేకచోట్ల ఈ మొక్క కనుమరుగైనది.

డ్రోసెరా జాతులు ప్రపంచమున రెండువందలకు పైగా గలవు. వానిలో బర్మానీ, ఇండికా అను రెండు తెలుగుదేశమునను గలవు. వానలు కురిసిన పిమ్మట తడి తగ్గని ఇసుకనేలలలో, పొట్టి గడ్డి నడుమ వెదకినవారికి అవి కనబడవచ్చును. బర్మానీ ఆకులు నేలపై ఎఱ్ఱని చక్రమువలె పరచుకొనును. ఇండికా సన్నని ఆకులతో నిలువుగా ఎదుగును. ఇంగ్లండు మొక్క నూగులు వంగుటకు నిమిషములు పట్టగా, బర్మానీ అంచునందలి నూగులు కొన్ని సెకండ్లలోనే వంగును. నేల ఎండగానే ఆ మొక్కలు మాడిపోవును. ఇసుకలో రాలిన గింజలు మరల వానకై వేచియుండును.