బీరువాలో కార్డులు, సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్: ఏ కీ దేనిదో తేల్చడం ఎలా?

గత నెల 19వ తారీఖు సాయంత్రం గుంటూరు నుంచి బాబాయి ఫోన్. "ఒరేయ్, అకౌంట్స్ సిస్టమ్ ఆన్ అవ్వట్లేదురా. రేపే జీఎస్టీ రిటర్న్‌కి లాస్ట్ డేట్!"

ఎస్ఎస్‌డీ పోయింది. డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది కదా, బతికిపోయాం అనుకున్నా. కొత్త ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ ఎక్కించాక అసలు కథ మొదలైంది. విండోస్ యాక్టివేట్ అవ్వలేదు. ట్యాలీ సీరియల్ నంబర్ బిల్లు మీద దొరికింది. కానీ లైసెన్స్‌కి లింక్ అయిన ఈమెయిల్ ఐడీ రెండేళ్ల క్రితం మానేసిన అకౌంటెంట్‌ది. రాత్రి పదింటికి ఆయన ఫోన్ ఎత్తాడు కాబట్టి సరిపోయింది. ఎత్తకపోతే?

ఆ వీకెండ్ గుంటూరు వెళ్లి, షాపులో ఉన్న 9 సిస్టమ్స్‌కీ లైసెన్సుల లెక్క తేల్చాను. మీ ఇంట్లో, మీకు తెలిసినవాళ్లకి చిన్న బిజినెస్ ఉంటే ఈ పని మీరూ చేయొచ్చు. ఒక రోజు చాలు.

ముందు లిస్ట్, తర్వాతే కీలు

చాలామంది బీరువా తెరిచి కార్డులు ముందేసుకుని కూర్చుంటారు. దానికి రివర్స్‌లో వెళ్లండి. ప్రతి సిస్టమ్‌కీ ఒక పేరు పెట్టి స్టిక్కర్ అంటించండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ చూసి, డబ్బు కట్టాల్సిన ప్రోగ్రామ్స్ మాత్రమే రాసుకోండి. మా షాపులో తేలినవి నాలుగే: విండోస్, ఆఫీస్, ట్యాలీ, యాంటీవైరస్.

విండోస్: ఒకే కీ నాలుగు చోట్లా?

కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ కొడితే లైసెన్స్ టైప్, కీలో చివరి 5 అక్షరాలు వస్తాయి. స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే యాక్టివేషన్ పర్మనెంటా, ఎక్స్‌పైరీ ఉందా అన్నది తెలుస్తుంది.

మూడు బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లతో ఏ గొడవా లేదు. విండోస్ 8 నుంచి కంపెనీలు కీని మదర్‌బోర్డులోనే పెట్టి ఇస్తున్నాయి. ఫార్మాట్ చేసినా విండోస్ దాన్నే తీసుకుంటుంది.

నాలుగు పాత డెస్క్‌టాప్‌ల దగ్గర మాత్రం గుండె జారింది. నాలుగింట్లోనూ చివరి అక్షరాలు ఒకటే: 3వీ66టీ. ఒకే కీ నాలుగు సిస్టమ్స్‌కి వాడేశారా అనుకున్నా. కాదు! అది ప్రో ఎడిషన్‌కి మైక్రోసాఫ్ట్ వాడే జనరిక్ కీ. విండోస్ 7 నుంచి 10కి ఫ్రీగా అప్‌గ్రేడ్ అయిన సిస్టమ్స్‌కి విడిగా కీ ఉండదు. డిజిటల్ లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది. సీపీయూ మీద ఉన్న విండోస్ 7 స్టిక్కర్ కీతో ఇప్పుడు కొత్తగా విండోస్ 10 యాక్టివేట్ చేద్దామంటే కుదరదు. ఆ దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లో మూసేసింది. ఈ ముక్క తెలియకపోతే బాబాయి నాలుగు లైసెన్సులు మళ్లీ కొనేవాడే.

మిగిలిన రెండూ అసెంబుల్డ్ సిస్టమ్స్. పాడైన అకౌంట్స్ సిస్టమ్ వాటిలో ఒకటి. రెండోదాంట్లో స్లాష్ డీఎల్ఐ కొడితే వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని వచ్చింది, ఎక్స్‌పైరీ డేట్ కూడా ఉంది. కేఎంఎస్ అంటే పెద్ద కంపెనీలు సొంత సర్వర్‌తో చేసుకునే యాక్టివేషన్, 180 రోజులు నడుస్తుంది. తొమ్మిది సిస్టమ్స్ ఉన్న షాపులో అది కనిపించిందంటే క్రాక్ అనే అర్థం. అమ్మినాయన బిల్లులో "సిస్టమ్ విత్ సాఫ్ట్‌వేర్" అని ఒక్క లైన్ రాసి డబ్బులు తీసుకున్నాడు. బాబాయి మొహం చూడాలి అప్పుడు. "ఒరిజినలే అన్నాడురా..." అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఆఫీస్: కార్డు కీ మ్యాచ్ అవ్వదు

బీరువాలో ఆఫీస్ హోమ్ అండ్ బిజినెస్ 2021 కార్డులు నాలుగు. సిస్టమ్స్‌లో ఆఫీస్ మాత్రం ఐదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆఫీస్16 ఫోల్డర్‌కి వెళ్లి, ఓఎస్‌పీపీ అనే వీబీఎస్ ఫైల్‌ని సీస్క్రిప్ట్‌తో, స్లాష్ డీస్టేటస్ కలిపి రన్ చేస్తే చివరి 5 అక్షరాలు వస్తాయి. అవి ఏ కార్డుకీ కలవలేదు. కారణం, కార్డు మీద కీ ఒక్కసారి రిడీమ్ చేయడానికే. సిస్టమ్‌లో కూర్చునే కీ వేరు. కాబట్టి రిడీమ్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి, అక్కడ కనిపించే కీతో పోల్చాలి.

అలా చూస్తే మూడు సరిపోయాయి, రెండు క్రాక్. తమాషా ఏంటంటే, నాలుగో కార్డు అసలు స్క్రాచ్ కూడా చేయలేదు! డబ్బు పెట్టి కొన్నది బీరువాలో ఉంది, దొంగ కాపీ సిస్టమ్‌లో ఉంది. ఆ కార్డు ఒకదానికి వేశాం, రెండోదానికి లిబ్రే ఆఫీస్ సరిపోయింది. విండోస్‌కి మాత్రం రెండు కొత్త లైసెన్సులు కొన్నాం, ఈసారి బిల్లులో విడిగా రాయించి.

రిజిస్టర్‌లో ఏం రాయాలి?

కీ ఒక్కటే లైసెన్స్ కాదు. బిల్లు, అకౌంట్, మెషీన్ మూడూ కలిస్తేనే లైసెన్స్. అందుకే ఎక్సెల్‌లో ఈ కాలమ్స్ పెట్టండి: సిస్టమ్ పేరు, ప్రోగ్రామ్, వెర్షన్, చివరి 5 అక్షరాలు, లైసెన్స్ టైప్, బిల్లు నంబర్, తేదీ, ఏ ఈమెయిల్, ఎక్స్‌పైరీ. పూర్తి కీలు అందులో వద్దు, పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఊరూపేరూ లేని సైట్ల నుంచి కీ ఫైండర్ టూల్స్ కూడా దించుకోకండి, మాల్వేర్ రిస్క్ ఎక్కువ.

ఈమెయిల్ కాలమ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. మా ట్యాలీ ఆగింది అక్కడే. లైసెన్సులన్నీ ఓనర్ పేరు మీదున్న ఒకే షాపు ఐడీకి మార్చేయండి. సిస్టమ్ మార్చేముందు పాతదాంట్లో ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయడం మర్చిపోకండి.

"దొరికినప్పుడు చూద్దాంలే" అనేవాళ్లకి ఒక మాట. 1957 కాపీరైట్ చట్టంలోని 63బీ ప్రకారం తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. క్రాక్ అని తెలిశాక "నాకు తెలియదు" అనే మాట చెల్లదు.

ఇప్పుడు బాబాయి షాపులో ఆ షీట్ ప్రింట్ తీసి బీరువా తలుపుకి లోపల అంటించాం. ఈ నెల 20న ఫోన్ రాలేదు. మీరూ ఈ ఆదివారం ఒక సిస్టమ్‌తో మొదలుపెట్టి చూడండి, ఏం బయటపడుతుందో!